అమ్మ విన్న దయ్యం సినిమాలు

9 ఫిబ్రవరి 1986, ఆదివారం

నాలుగో బ్యారన్‌లో ఎవరైనా ఉన్నారా, లేరా?

ఇరవై నాలుగేళ్ళుగా నన్ను వదలని ప్రశ్న. కాలేజీలో ఆడపిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పి బతికే మనిషికి ఇంతకంటే పెద్ద ప్రశ్న దొరకలేదా అని నన్ను నేనే చాలాసార్లు అడుక్కున్నాను. దొరకలేదు.

ఇవాళ అమ్మను ఆసుపత్రి నుంచి రిక్షాలో ఇంటికి తెచ్చాను. కుదుపులకు కన్ను నొప్పిగా ఉందా అని నేనడుగుతుంటే, తను నన్నడుగుతుంది: "తిరపతమ్మ గడియ తీసింది కదా. లోపల గోడ వెచ్చగా ఉంది కదా. మరి ఎవరూ లేరని ఎట్లా అంటావే?" ఆపరేషన్ బల్ల మీద ప్రార్థన చేసుకోమంటే, రెండు ముక్కలు ప్రార్థన చేసుకుని మిగతా అంతసేపూ ఇదే ఆలోచించిందట.

ఆ నవల పేరే "నాలుగో బ్యారన్". నేను వాల్తేరులో చదివే రోజుల్లో వారపత్రికలో వచ్చింది. రాసినాయన పొదిలి దగ్గర బడిపంతులు, ఆ ఒక్కటే రాసి ఊరుకున్నాడు. పచ్చి పొగాకును సెగకు ఆరబెట్టే కొట్లు, బ్యారన్‌లు నాలుగు. మూడింట్లో మంట. నాలుగోది ఆకు ఎక్కిస్తూ ఒక కూలిమనిషి చచ్చిపోయిన దగ్గర్నుంచి మూసే ఉంది. మంటలు కనిపెట్టుకుని ఉండే తిరపతమ్మకు రోజూ పొద్దుగూకేవేళ ఆ మూసిన తలుపు లోపలి నుంచి మూడుసార్లు తట్టిన చప్పుడు. చివరికి గడియ తీస్తుంది. ఎవరూ మంట వెయ్యని బ్యారన్‌లో గోడ వెచ్చగా ఉంటుంది. అంతే, అయిపోతుంది. అమ్మ ఉన్నారంటుంది. నేను లేరంటాను, పక్క బ్యారన్ సెగ అంటాను.

అసలు సంగతి రాయకుండా ఇది రాస్తున్నాను.

అమ్మ కుడి కంటికి శుక్లం తీశారు. డాక్టరమ్మ చెప్పినవి: తుమ్మకూడదు. దగ్గకూడదు. వంగకూడదు. నవ్వకూడదు. మార్చి మూడున కట్టు విప్పుతారు. రెండేళ్ళ కిందట ఎడమ కన్నుకీ ఇవే చెప్పారు. అప్పుడూ ఇవే రోజులు. మిరపకాయల లారీ ఒకటి మా వీధి మొగలో ఆగింది, అమ్మ తుమ్మింది. ఒక్కసారే. కుట్టు విడిపోయింది, ఆ కన్ను పోయింది. ఈసారి వానలు పడేదాకా ఆగుదామన్నాను. ఇది ఆగే కన్ను కాదన్నారు.

ఫిబ్రవరి నెలలో, గుంటూరులో, తుమ్మకుండా.

11 ఫిబ్రవరి

కిటికీలన్నిటికీ తడిదుప్పట్లు కట్టాను. కాలేజీకి నెల సెలవు పెట్టాను. ఇల్లు చాకలిరేవులా ఉంది.

తుమ్ముకు తడిగుడ్డలున్నాయి. నవ్వుకే మందు లేదు. పక్కింటి అంకమ్మరావుగారు పలకరించడానికొచ్చారు. ఆయన నోరు విప్పితే ఎదుటివాళ్ళు పొట్ట పట్టుకోవలసిందే. గుమ్మంలోనే ఆపి, కట్టు విప్పేదాకా రావొద్దని దణ్ణం పెట్టాను. "మాట్లాడనమ్మా, ఊరికే కూచుంటా" అన్నారు. ఆయన ఊరికే కూచున్నా అమ్మకు నవ్వొస్తుంది, వద్దన్నాను.

ముప్ఫై ఆరేళ్ళు మిషన్ బళ్ళో పాఠం చెప్పిన మనిషికి పడుకోవడం చేతకాదు. బైబిలు చదవమంది. యోబు గ్రంథం మొదలుపెట్టాను. ఆయన కష్టాలన్నీ విని, "పాపం, కళ్ళు మాత్రం బానే ఉన్నట్టున్నాయి" అంది. నాకు నవ్వొచ్చింది. తనకూ రాబోయి పెదవి కొరుక్కుంది.

ఆ గ్రంథం ఆపేశాను.

12 ఫిబ్రవరి

తుమ్ము రాలేదు.

13 ఫిబ్రవరి

ఉదయం అమ్మ ఒక ప్లాను చెప్పింది. రాత్రంతా ఆలోచించినట్టుంది.

నవ్వకూడదు, పొద్దుపోవాలి. కాబట్టి దయ్యం కథ కావాలి. "నాలుగో బ్యారన్" తనకు కంఠతా వచ్చు, చదివితే ప్రయోజనం లేదు. "రెండుసార్లు సినిమా తీశారుటగా. పాతదొకటి, రంగులదొకటి. అద్దెకు తెప్పించు."

నేను తెల్లబోయాను. అమ్మ సినిమా ఎరగదు. పద్నాలుగో ఏట సంఘంలో నిలబడి హాలు గడప తొక్కనని మాటిచ్చింది, అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా తొక్కలేదు. ఆ సంగతి గుర్తుచేశాను.

"హాలు తొక్కనన్నాను. ఇది హాలా? మనిల్లు. పైగా నేను చూడను కదా, వింటాను. చూసేది నువ్వు. నువ్వు ఎట్లాగూ చూస్తూనే ఉన్నావు."

మా సంఘంలో వేదాంతం చదివిన పాస్టర్లు కూడా ఇంత గట్టిగా వాదించలేరు.

వెనక వీధిలో కరీమున్ ఉంది. వాళ్ళాయన వీసీఆర్, టీవీ, క్యాసెట్లు అద్దెకిస్తాడు. ఆడవాళ్ళుండే ఇళ్ళకు కరీమునే రిక్షాలో పెట్టుకుని వచ్చి బిగించి, అయ్యేదాకా కూచుని, మళ్ళీ తీసుకుపోతుంది. వెళ్ళి అడిగాను. రంగులది ఉందట. పాతదానికి తెనాలి కబురు చెయ్యాలట. "టీచరమ్మగారికా?" అని మూడుసార్లు అడిగింది.

15 ఫిబ్రవరి, శనివారం

భోజనాలయ్యాక మొదలుపెట్టాం. కిటికీలకు దుప్పట్లుండడంతో హాలు చీకటి వచ్చింది. అమ్మ మంచం మీద గోడకానుకుని, కట్టు కట్టుకుని, ప్రార్థనకు కూర్చున్నట్టు చేతులు కట్టుకుని కూర్చుంది. నేను పక్కన. కరీమున్ కింద చాప మీద.

పేర్లు పడుతుంటేనే నక్కల ఊళ. పది నిమిషాల్లో గాలివాన, పాము బుస, గజ్జెలు, మాంత్రికుడి నవ్వు. "ఇవన్నీ ఎవరివే?" అంది అమ్మ. ఉన్నదున్నట్టు చెప్పాను: శ్మశానం, ఎర్రబల్బుల పుర్రె, ఐదుగురు దుర్మార్గులు. అమ్మ ముఖం వాడిపోయింది. చాలా సేపటికి, పిల్లలు అడిగినట్టు అడిగింది: "తిరపతమ్మ ఏదీ? ఏం చేస్తోంది?"

తెర మీద తిరపతమ్మ లేదు. ఆ పేరు గలావిడ ఊటీలో తోటలో హీరోతో గెంతుతోంది.

"కట్టె ఎగదోస్తోందమ్మా. రెండో బ్యారన్ దగ్గర" అన్నాను.

కరీమున్ గిరుక్కున నా వైపు తిరిగింది. టీవీ చూసింది, నన్ను చూసింది, అమ్మ కట్టు చూసింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. "అవునండీ టీచరమ్మగారూ" అంది. "నుదుటికి మసి కూడా అంటిందండీ."

అమ్మ ముఖం విప్పారింది.

తర్వాత రెండు గంటలు ఏం జరిగిందో నాకే సరిగా తెలీదు. పాట వచ్చినప్పుడు దూరంగా పెళ్ళి ఊరేగింపు పోతోందన్నాను. పాము బుస వస్తే పచ్చికట్టెలో తడి చిమ్ముతోందన్నాను. కరీమున్ కుక్క ఒకటి తెచ్చిపెట్టింది, తిరపతమ్మకు తోడుగా. ఆ కుక్క నవలలో లేదు, సినిమాలో లేదు, అయినా చాలా మంచి కుక్క. తెర మీద అమ్మవారి త్రిశూలం మాంత్రికుడి గుండెల్లో దిగుతున్నప్పుడు నేను తిరపతమ్మ చేత గడియ తీయించాను. తలుపు బరువుగా వచ్చిందన్నాను. లోపల ఏమీ కనపడలేదన్నాను. ఆమె అడుగు లోపల పెట్టగానే, చీకట్లో ఎవరో కాస్త పక్కకు జరిగి చోటిచ్చినట్టయిందన్నాను.

 అమ్మ నా చెయ్యి వెతికి పట్టుకుంది.

వెళ్తూ కరీమున్ గుమ్మంలో, "మేడంగారూ, ఈ సినిమా ఇప్పటికి అరవై ఇళ్ళలో చూశాను. ఇవాళే బాగుంది" అంది.

16 ఫిబ్రవరి

అబద్ధం కాదు. అనువాదం.

18 ఫిబ్రవరి

అమ్మ ఆ కుక్క ఏమైందని అడిగింది. కరీమున్‌ను అడిగి చెప్తానన్నాను.

21 ఫిబ్రవరి, శుక్రవారం

 నవ్వాలో, భయపడాలో తెలీక రాస్తున్నాను.

తెనాలి నుంచి పాతది వచ్చింది. నలుపు తెలుపు. ఇందులో బ్యారన్ లేనే లేదు, జమీందారు బంగళా చేశారు. తెల్లచీర, కొవ్వొత్తి. నేనూ కరీమునూ మళ్ళీ పొగాకు చేలల్లోకి లాక్కొచ్చాం. బాగా నడుస్తోంది. బంగళాలో ఆవిడ పెట్టిన కేకకు నాకే ఒళ్ళు జలదరించింది.

శుక్రవారమని మరిచిపోయాను. మా స్త్రీల సమాజం వాళ్ళు రోగులున్న ఇళ్ళకు ప్రార్థనకు వచ్చేది శుక్రవారమే. చెప్పి రారు. సంతోషకుమారిగారు మరో నలుగురిని వెంటేసుకుని మా వరండాలో చెప్పులు విప్పుతున్నారు, ఈ కేక. మూసిన తలుపులు, కిటికీలకు దుప్పట్లు, లోపల ఆడమనిషి గావుకేక. మా అమ్మ ప్రేమమ్మ ఆఖరి ఘడియల్లో ఉందనుకున్నారు. ఇలాంటప్పుడు మా వాళ్ళు తలుపు కొట్టరు. నిలబడ్డచోటే కీర్తన ఎత్తుకుంటారు, పోయేవాళ్ళ చెవిన పడాలని. ఐదుగురూ ఒక్కసారిగా ఎత్తుకున్నారు.

సినిమాలో కేక, బయట కీర్తన. అమ్మ తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నది.

"ఇది పుస్తకంలో లేదే" అంది. ఇంకాస్త విని, "ఏమే దేవీ, ఈ దయ్యం అచ్చం మన సంతోషకుమారిలా పాడుతోందే. అక్కడక్కడా శ్రుతి కూడా అట్లాగే తప్పుతోంది."

కరీమున్ చాప మీద బోర్లా పడిపోయింది. నేను లేచి తలుపు తీశాను. సంతోషకుమారిగారు బైబిలు గుండెకు హత్తుకుని, "ప్రేమమ్మక్కా, ధైర్యం" అంటూ లోపలికి దూసుకొచ్చి, చీకట్లో కొవ్వొత్తి పట్టుకుని ఎదురొస్తున్న తెల్లచీరను చూసి కేక పెట్టారు. బంగళా ఆవిడ కేక దాని ముందు ఎందుకూ పనికిరాదు.

అప్పుడు అమ్మ నవ్వింది.

పెదవి కొరుక్కుంది, దుప్పటి నోట్లో కుక్కుకుంది, లాభం లేకపోయింది. మంచమంతా కదిలేట్టు నవ్వింది. నేను పరిగెత్తి రెండు చేతులతో తల కదలకుండా పట్టుకున్నాను. నా అరచేతుల మధ్య అమ్మ తల నవ్వుతోంది. "వద్దమ్మా, వద్దమ్మా" అంటూ నేనూ నవ్వుతున్నాను.

సర్దుకున్నాక సంతోషకుమారిగారు టీవీ వంక చూడకుండా ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక కుర్చీ లాక్కుని, "ఇంతకీ ఆ పిల్ల ఎవరు? కొవ్వొత్తి ఎందుకు?" అన్నారు. ఐదుగురూ చివరిదాకా ఉన్నారు. దాంతో నాకు కథ చెప్పే వీలు లేకపోయింది.

వాళ్ళు వెళ్ళాక చూశాను. కట్టు తడిసి ఉంది.

22 ఫిబ్రవరి

డాక్టరమ్మ ఊళ్ళో లేరు. సోమవారం వస్తారు. నర్సు పైకట్టు మార్చింది. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు.

23 ఫిబ్రవరి

చర్చికి వెళ్ళలేదు. ఇది నేను చేసిన పని. సమాజం వాళ్ళ మీదకు నెట్టబోయి మానుకున్నాను. కదలకుండా పడుకోబెట్టవలసిన మనిషికి నేనే సినిమాలు తెప్పించాను.

అమ్మ మాత్రం పాత సినిమా చివర సగం చెప్పమని పోరింది. దుప్పట్లు మళ్ళీ తడిపే వంకతో లేచాను. అది గ్రహించింది. "పోతే పోయింది లేవే. నీ కళ్ళున్నాయిగా. మొన్న బ్యారన్ గోడమీది పగుళ్ళు కూడా కనపడ్డాయి నాకు" అంది.

ఆ మాటకు నేను ఏడవాలి. ఏడ్చాను కూడా. కానీ మొదట వచ్చింది సంతోషం. ఎందుకో రాయను.

24 ఫిబ్రవరి, సోమవారం

కుట్లు చెక్కుచెదరలేదు!

డాక్టరమ్మ చిన్న లైటు వేసి ఎంతో సేపు చూశారు. నేను ఆవిడ భుజం మీది కుట్టుపూలు లెక్కపెడుతూ నిలబడ్డాను. "ఇవి ఒట్టి కన్నీళ్ళేనండీ. బాగా నవ్వారా?" అన్నారు. అమ్మ, ప్రార్థనకొచ్చినవాళ్ళు నవ్వించారంది. ఆవిడకు మొత్తం చెప్పక తప్పలేదు. మధ్యలో ఆవిడే కుర్చీలో కూలబడ్డారు. మళ్ళీ కట్టు కట్టి, మార్చి మూడుదాకా ఏ సినిమా వద్దని కాగితం మీద రాసి సంతకం పెట్టారు.

దారిలో రిక్షా ఆపించి కరీమున్‌కు చెప్పాను. రెండు చేతులూ నా బుగ్గలకు రాసి మెటికలు విరిచింది.

26 ఫిబ్రవరి

అమ్మ నిద్రపోతోంది. రెండు సినిమాల గురించి నెమ్మదిగా రాయాలనిపిస్తోంది.

పాతది తీసినవాళ్ళకు దయ్యమంటే నమ్మకం లేదు. చివర్లో మేనేజరు దొంగ అని తేలుతుంది, తెల్లచీర అతని చెల్లెలు, పోలీసులు, పెళ్ళి. చదువుకున్నవాళ్ళు తీసిన సినిమా. కొత్తది తీసినవాళ్ళకు నమ్మకం ఎక్కువైపోయింది. దయ్యం పగలు కూడా తిరుగుతుంది. ఐదుగుర్నీ వరసపెట్టి చంపి, తన కథ తానే చెప్పుకుంటుంది. ఒకటి లేదంది, ఒకటి ఉందంది. పొదిలి పంతులు గోడ వెచ్చగా ఉందని చెప్పి కలం కింద పెట్టాడు. ఆ పని చెయ్యడానికి ఇద్దరిలో ఎవరికీ గుండె చాల్లేదు.

నాకు రెండూ ఒక్కటే. అమ్మకు కాదు. అమ్మ పాతదానికే ఓటు. అందులో తలుపు తట్టే ముందు అన్ని చప్పుళ్ళూ ఆగిపోతాయట. గాలి, కీచురాళ్ళు, చివరికి ఆ పిల్ల ఊపిరి కూడా. "ఎదురుచూడనిచ్చాడే. ఆ రంగులవాడు ఒక్క క్షణం ఊరుకోడు." నేను ఆ నిశ్శబ్దం వినలేదు. ఆ సమయంలో తెల్లచీర జరీ అంచు చూస్తున్నాను, దయ్యానికి జరీ ఎందుకా అని. కళ్ళున్న నేను ఒక సినిమా చూశాను, అమ్మ మరొకటి విన్నది. ఎం.ఏ.లో ఇది ఎవరూ చెప్పలేదు.

మరి నేను చెప్పింది ఏ లెక్కలోకి వస్తుంది? దాన్ని గురించి ఆలోచించదలచుకోలేదు.

3 మార్చి

కట్టు విప్పారు. దళసరి అద్దాలు పెట్టారు.

ముందు తలుపు వంక చూసింది. తర్వాత డాక్టరమ్మను. తర్వాత గోడమీద వేలాడుతున్న అక్షరాల బోర్డును, పెద్దక్షరం నుంచి కిందికి, ఎవరూ అడగకుండానే, బళ్ళో పిల్లలకు చెప్పినట్టు గట్టిగా చదివింది. ఆఖరి వరస దగ్గర ఆగి, "ఇది అచ్చు సరిగ్గా పడలేదు" అంది.

"సరిగ్గానే పడిందండీ. అక్కడిదాకా ఎవరూ రారు" అన్నారు డాక్టరమ్మ.

 తలుపు దాటాక నన్ను చూసి, "అన్నీ పెద్దవిగా కనపడుతున్నాయే. నువ్వైతే మరీను" అంది. ఇద్దరం నవ్వాం. ఎవరూ ఆపలేదు.

దుప్పట్లు విప్పేశాను. ఇల్లంతా ఎండ, మిరప ఘాటు. అమ్మ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది. తుమ్మి తుమ్మి ఆనందపడింది. డాక్టరమ్మ తుమ్మొచ్చని అనలేదు గానీ ఆపడం నా వల్ల కాలేదు. అంకమ్మరావుగారు గోడ అవతల నుంచే, ఇక రావచ్చా అని అరిచారు.

15 మార్చి, శనివారం

రెండు సినిమాలూ మళ్ళీ తెప్పించమంది. ఈసారి కళ్ళతో. హాలు గడప తొక్కనన్న మాట తప్పలేదట, కొత్తగా చెడేదేమీ లేదట. వారం నుంచి వాయిదా వేస్తూ వచ్చాను. దొరికిపోతానని నాకు తెలుసు.

కరీమున్ రంగుల క్యాసెట్ పెట్టి నా వెనక నక్కింది. ఊటీ వచ్చింది. గెంతులు వచ్చాయి. పాము వచ్చింది. అమ్మ అద్దాలు సర్దుకుంటూ, పరీక్ష పేపరు దిద్దినట్టు చూసింది. త్రిశూలం దిగాక తెరను వదిలి నా వైపు తిరిగింది.

"బ్యారన్ ఏదే?"

నేను క్యాసెట్ అట్ట తిరగేశాను.

"కుక్క?"

"కుక్క నాదండీ టీచరమ్మగారూ" అంది కరీమున్, వెనక నుంచి.

అమ్మకు కోపం వస్తుందనుకున్నాను. పిల్లలు చూచిరాత రాస్తే మెటికలతో మొట్టే మనిషి. కానీ అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తీరిగ్గా తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"మూడు సినిమాల్లోనూ నువ్వు చెప్పిందే బాగుంది" అంది. "కానీ ఒక్క సంగతి అడుగుతాను చెప్పు. ఇరవై నాలుగేళ్ళు లోపల ఎవరూ లేరని నాతో పోట్లాడావు. నీ చేతికి వచ్చేసరికి లోపల మనిషిని పెట్టావేం? పక్కకు జరిగి చోటిచ్చిందెవరు?"

అక్కడ మనిషిని పెట్టానని నాకు నిజంగా ఆ నిమిషం దాకా తెలీదు. ఇంటికి వెళ్ళబోతున్న కరీమున్ కూడా సమాధానం కోసం నిలబడిపోయింది. నీకోసం పెట్టాను, నీకు అట్లా ఇష్టమని, అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. నా కోసమైతే అది చెప్పేటప్పుడు నీ గొంతు అట్లా తగ్గదే, అంది.

గెలిచినందుకు రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింది.

18 మార్చి

కాలేజీ మొదలైంది. సాయంత్రం వచ్చేసరికి అమ్మ వరండాలో పేపరు చదువుకుంటోంది. వచ్చావా అని పేజీ వెనక నుంచే అంది. తలెత్తలేదు. మంచినీళ్ళు తనే తెచ్చుకుంది, బియ్యం తనే ఏరుకుంది. సంతోషకుమారిగారింటికి ఒక్కతే వెళ్ళి వచ్చిందట. వచ్చే శనివారం వాళ్ళింట్లో వీసీఆర్ అట. సమాజం మొత్తం.

నేను గదిలోకొచ్చి ఊరికే కూచున్నాను. ఇంత సంతోషం ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు. అది నిజం, రాసి పెడుతున్నాను.

ఇంకోటి కూడా రాయాలి. కన్ను రావాలని మోకాళ్ళూని అడిగాను, వచ్చింది. ఆ మూడు వారాలు అమ్మకు ప్రపంచమంతా నా నోట్లోంచే వెళ్ళింది. నేను ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఇరవై మూడో తేదీన కన్ను పోయిందనుకున్నప్పుడు నాకు ముందు కలిగిన సంతోషం, అమ్మ నన్ను మెచ్చుకున్నందుకా, ఇక ఎప్పటికీ నేనే చెప్పవచ్చనా? మెచ్చుకున్నందుకేనని నిన్నటిదాకా అనుకున్నాను. ఇవాళ సాయంత్రం పేపరు వెనక నుంచి వచ్చిన మాట విన్నాక అంత గట్టిగా అనుకోలేకపోతున్నాను.

కాదనీ అనలేను. తేల్చుకోలేకపోతున్నాను.